రేషన్ లెక్కలో లేని మనుషులు

ఏటా మే రెండో వారం వచ్చేసరికి శ్రీలంక ఉత్తర, తూర్పు జిల్లాల్లో గుళ్ల ముందు, వీధి మలుపుల్లో, బస్టాండ్ల పక్కన పెద్ద డేగిసాల్లో గంజి కాస్తారు. బియ్యం, నీళ్లు, ఉప్పు. అంతకు మించి అందులో ఏమీ ఉండదు. దారిన పోయే వారందరికీ పోస్తారు. దాని పేరు ముల్లివాయ్‌కాల్ గంజి. 2009లో అంతర్యుద్ధం చివరి వారాల్లో, ఒకవైపు నందిక్కడల్ సరస్సు, మరోవైపు సముద్రం ఉన్న సన్నటి ఇసుక నేల మీద చిక్కుకుపోయిన తమిళుల ప్రాణాలు నిలిపిన తిండి అదే. ఆ యుద్ధం మే 18న ముగిసింది. అందుకే ప్రతి మే 18న అక్కడి తమిళులు దీపాలు వెలిగించి తమ మృతులను తలచుకుంటారు. ఆ వారమంతా గంజి తాగుతారు, తాగిస్తారు.

2024 మే నెలలో త్రికోణమలై జిల్లా సంపూర్‌లో ఈ గంజి పంచిన ముగ్గురు మహిళలతో సహా నలుగురిని పోలీసులు అరెస్టు చేశారు. గంజి పంచితే దేశ భద్రతకు ముప్పేమిటి? రక్షణ వ్యవహారాల శీర్షికలో ఈ ప్రశ్న ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. మూడు దశాబ్దాలకు పైగా యూనిఫాం వేసుకున్న వాడిగా నాకు తోచిన సమాధానం చెబుతాను. ఆ గంజి ఒక లెక్కను గుర్తుచేస్తుంది. ఆ లెక్కను కొలంబోలో ఏ ప్రభుత్వమూ ఇంతవరకు తేల్చలేదు. ఢిల్లీ కూడా గట్టిగా అడగలేదు.

70 వేలు, 2.8 లక్షలు

సైన్యంలో కొత్తగా కమిషన్ పొందిన అధికారి మొదట నేర్చుకునే పనుల్లో మనుషులను లెక్కపెట్టడం ఒకటి. ఎంతమంది హాజరు, ఎంతమంది సెలవు, ఎంతమంది ఆస్పత్రిలో ఉన్నారన్నది ఉదయం పరేడ్ స్టేట్‌లో ఒక్క అంకె తేడా లేకుండా ఉండాలి. దాని ఆధారంగానే రేషన్ ఇండెంట్ వెళ్తుంది. 120 మంది ఉన్న కంపెనీని 30 మందిగా చూపిస్తే ఆ రాత్రి లంగరులో 90 మందికి అన్నం ఉండదు. అందుకే మనుషుల సంఖ్యను తగ్గించి రాయడాన్ని ఏ సైన్యమూ గుమాస్తా పొరపాటుగా కొట్టిపారేయదు.

ఇప్పుడు వన్ని ప్రాంతం సంగతి చూడండి. 2009 ఫిబ్రవరిలో యుద్ధ ప్రాంతంలో చిక్కుకున్న పౌరులు సుమారు 70 వేల మందేనని శ్రీలంక ప్రభుత్వం చెప్పింది. ఏప్రిల్ చివరికి ఆ సంఖ్యను 10 వేలకు తగ్గించింది. అప్పటికి లోపల 1,20,000 మందికి పైగా ఉన్నారని ఐక్యరాజ్యసమితి అంచనా. తీరా యుద్ధం ముగిసేసరికి ప్రభుత్వ అధీనంలోకి వచ్చినవారు 2,80,000 మందికి పైగా తేలారు. వారిలో అత్యధికులను వవునియా దగ్గర మెనిక్ ఫామ్ శిబిరాల్లో ముళ్లకంచెల మధ్య నెలల తరబడి ఉంచారు. 70 వేల మందే ఉన్నారన్న చోటు నుంచి 2.8 లక్షల మంది బతికి బయటపడ్డారు. చనిపోయినవారు ఈ లెక్కలో లేరు.

ఈ తేడా పొరపాటున వచ్చింది కాదు. ఐరాస ప్రధాన కార్యదర్శి నియమించిన ముగ్గురు సభ్యుల నిపుణుల సంఘం 2011లో ఇచ్చిన నివేదికలో, పౌరుల సంఖ్యను ప్రభుత్వం కావాలనే తక్కువ చేసి చూపిందని పేర్కొంది. సంఖ్య తగ్గితే పంపాల్సిన బియ్యం, మందులు తగ్గుతాయి. మత్తు ఇంజెక్షన్లు, రక్తం లేకుండానే వైద్యులు ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. గంజి ఎందుకంత పలచన అయిందో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క అంకె చాలు.

మన్నార్ బిషప్‌గా ఉన్న రాయప్పు జోసెఫ్ 2011 జనవరిలో శ్రీలంక ప్రభుత్వ విచారణ సంఘం ముందుకు ఇంకో లెక్క తీసుకెళ్లారు. ప్రభుత్వ కచేరీల రికార్డుల ప్రకారం 2008 అక్టోబరు మొదట్లో వన్ని జనాభా 4,29,059. యుద్ధం తర్వాత ప్రభుత్వ అధీనంలోకి వచ్చినవారు 2,82,380. మిగతా 1,46,679 మంది ఏమయ్యారని ఆయన అడిగారు. వారంతా చనిపోయారని ఆయన అనలేదు. ఏమయ్యారో చెప్పమన్నారు. 2021లో కన్నుమూసే నాటికీ ఆయనకు జవాబు రాలేదు. మరణాలు 40 వేల దాకా ఉండవచ్చని నిపుణుల సంఘం పేర్కొంది. ఐరాస తన వైఫల్యంపై తానే జరిపించుకున్న సమీక్ష 2012లో, 70 వేల మందికి పైగా ఆచూకీ తెలియడం లేదన్న విశ్వసనీయ సమాచారాన్ని ప్రస్తావించింది. అసలు సంఖ్య 10 వేల లోపేనని ప్రభుత్వ వర్గాలు అంటున్నాయి. 10 వేలకూ 70 వేలకూ మధ్య తేడాలో మన దగ్గర ఒక పెద్ద పట్టణమే పట్టేస్తుంది.

మ్యాపు మీద సురక్షిత ప్రాంతం

2009 జనవరి 21న శ్రీలంక సైన్యం వన్నిలో సుమారు 35 చదరపు కిలోమీటర్ల మేర కాల్పులు జరపని ప్రాంతాన్ని ప్రకటించింది. పౌరులు అందులోకి రావాలని చెప్పింది. ఫిబ్రవరిలో సముద్రతీరాన సుమారు 14 చదరపు కిలోమీటర్లతో రెండోది, మేలో రెండు మూడు చదరపు కిలోమీటర్లతో మూడోది ప్రకటించింది. జనం ఒకదాని నుంచి మరొకదానికి నడిచారు. గుండ్లు వారి వెంటే వచ్చాయి.

మొదటి ప్రాంతంలో ఐరాస ఆహార కాన్వాయ్ ఒకటి ఆగింది. దానికి బాధ్యుడు బంగ్లాదేశ్ సైన్యం నుంచి రిటైరైన ఒక కల్నల్. మనలాగే ఈ ఉపఖండపు సైనిక సంప్రదాయంలో పెరిగినవాడు. తమ మకాం ఎక్కడుందో జీపీఎస్ కొలతలతో సహా శ్రీలంక సైన్యానికి తెలియజేశారు. అయినా జనవరి 23, 24 తేదీల్లో ఆ చుట్టుపక్కల గుండ్లు పడ్డాయి. కాన్వాయ్ ఉంటే రక్షణ ఉంటుందని నమ్మి పక్కన గుడారాలు వేసుకున్న కుటుంబాలు చనిపోయాయి. కల్నల్, ఆయన సహచరులు అధికారులకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. గుండ్లు ఆగలేదు. ఆ తర్వాత వారంలో పుదుక్కుడియిరుప్పు ఆస్పత్రి మీద కనీసం తొమ్మిది సార్లు గుండ్లు పడ్డాయని నిపుణుల సంఘం నమోదు చేసింది. రెడ్‌క్రాస్ ప్రతినిధులు అప్పుడు అక్కడే ఉన్నారు. ఆ ఆస్పత్రి ఎక్కడుందో కూడా సైన్యానికి తెలుసు.

ఫిరంగి దళంతో కలిసి పనిచేసిన వారికి ఒక విషయం విడమరచి చెప్పనక్కర్లేదు. 122 మిల్లీమీటర్ల మల్టీ బ్యారెల్ రాకెట్ లాంచర్‌కు 40 గొట్టాలుంటాయి. అది గురిచూసి ఒక బంకర్‌ను కొట్టే ఆయుధం కాదు. ఒక ప్రాంతాన్నంతా కప్పేస్తుంది. లక్షల మంది గుడారాలు వేసుకున్న చోట దాన్ని వాడితే ఏమవుతుందో ట్రిగ్గర్ నొక్కే ముందే తెలుస్తుంది. పైగా శ్రీలంక సైన్యానికి ఆకాశంలో డ్రోన్ కెమెరాలున్నాయి. భారీ ఆయుధాల వాడకం ఆపేస్తున్నామని ప్రభుత్వం ఏప్రిల్ 27న ప్రకటించింది. ఆ తర్వాతా గుండ్లు పడుతూనే ఉన్నాయని సాక్ష్యాలు చెబుతున్నాయి.

1949 జెనీవా ఒప్పందాలు నాలుగింటిలోనూ మూడో అధికరణం ఒక్కటే. దేశం లోపల జరిగే యుద్ధాలకూ అది వర్తిస్తుంది. ఆయుధం పట్టని వారిని, ఆయుధం దించిన వారిని, గాయపడిన వారిని మానవత్వంతో చూడాలి, హింసించకూడదు, చంపకూడదు. శ్రీలంక ఈ ఒప్పందాలను ఆమోదించింది. భారత్ ఆమోదించడమే కాక 1960లో ప్రత్యేక చట్టం చేసింది. అందులో ‘ఎదుటివాడు ఉగ్రవాది కాకపోతే’ అన్న షరతు లేదు.

ఎల్టీటీఈ పద్దు

ఇక్కడే చాలామంది పాఠకులు ఆగి అడుగుతారు: మరి ఎల్టీటీఈ చేసినదో? ఆ ప్రశ్న న్యాయమైనదే. 1991 మే 21న శ్రీపెరంబుదూర్‌లో మన మాజీ ప్రధానిని చంపింది ఆ సంస్థే. 1985లో అనురాధపురంలో సింహళ పౌరులను, 1990 ఆగస్టులో కాత్తాన్‌కుడి మసీదుల్లో నమాజు చేస్తున్న ముస్లింలను వందకు పైగా చంపింది. అదే ఏడాది అక్టోబరులో ఉత్తర ప్రాంతం నుంచి సుమారు 70 వేల మంది ముస్లింలను ఇళ్లు, పొలాలు వదిలించి తరిమేసింది. 2009లోనూ తమిళ పౌరులను అడ్డుగోడలా వాడుకుంది. పారిపోబోయిన వారిని కాల్చింది. పిల్లలను తల్లుల చేతుల్లోంచి లాక్కెళ్లి తుపాకులిచ్చింది. ఇవన్నీ అదే నిపుణుల సంఘం అదే నివేదికలో రాసింది.

అయితే ఒకరి పద్దులో రాసినంత మాత్రాన రెండోవారి పద్దు కొట్టివేసినట్టు కాదు. గెరిల్లా తన తల్లి వెనుక దాక్కుంటే ఆ తల్లి లక్ష్యంగా మారిపోదు. దాక్కున్నది అతని నేరం. తెలిసీ పేల్చినది మన నేరం. సార్వత్రిక మానవ హక్కులు అన్నప్పుడు సార్వత్రికం అన్న మాటకు అర్థం ఇదే. 1948 డిసెంబరు 10 నాటి ప్రకటన మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అన్న అర్థం వచ్చే మాట ఉంటే, దాన్ని ‘మానవులందరూ’ అని మార్పించినది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ఆ ‘అందరూ’లో కిలినొచ్చి రైతు ఉన్నాడు, అనురాధపురం యాత్రికుడు ఉన్నాడు, కాత్తాన్‌కుడి ముస్లిం ఉన్నాడు.

ఈ మాటను ప్రాణం పెట్టి నిలబెట్టిన తమిళురాలు ఉన్నారు. జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ విభాగాధిపతి డాక్టర్ రజనీ తిరణగమ. శ్రీలంక సైన్యం, ఎల్టీటీఈ, మన శాంతి సేన, ఎవరు చేసిన దురాగతాన్నైనా ఆమె, ఆమె సహచరులు ఒకే కొలతతో రాసిపెట్టారు. 1989 సెప్టెంబరు 21న సైకిల్ మీద ఇంటికి వెళ్తుండగా ఆమెను కాల్చి చంపారు. అప్పటికి వయసు 35. చంపింది ఎల్టీటీఈయేనని ఆమె కుటుంబం, సహచరులు చెబుతూ వచ్చారు.

మన పద్దు

ఆమె రాసిపెట్టిన వాటిలో మనదీ ఒకటుంది. 1987 జులై 29 ఒప్పందం తర్వాత జాఫ్నాలో దిగిన 54వ పదాతి డివిజన్ వెళ్లింది మన సికింద్రాబాద్ నుంచే. దాదాపు మూడేళ్లలో శాంతి సేన సుమారు 1,200 మంది సైనికులను పోగొట్టుకుంది. నా తరం అధికారుల్లో ఆ మృతుల్లో ఒక్కరినైనా ఎరగని వారు తక్కువ. వారు పారిపోలేదు. స్పష్టత లేని రాజకీయ లక్ష్యంతో, సరైన మ్యాపులు కూడా లేకుండా పోరాడారు.

అదే పోరాటంలో 1987 అక్టోబరు 21న, దీపావళి రోజు, మన దళాలు జాఫ్నా ఆస్పత్రిలోకి ప్రవేశించాయి. ఆ రోజూ మర్నాడూ అక్కడ 60 నుంచి 70 మంది చనిపోయారు. వారిలో రోగులున్నారు, వైద్యులున్నారు, నర్సులున్నారు. లోపలి నుంచి ఎల్టీటీఈ కాల్పులు జరిపిందని, ఎదురుకాల్పుల్లో వారు చనిపోయారని మన వైపు వాదన. మిలిటెంట్లు అప్పటికే వెళ్లిపోయారని, చేతులెత్తి బయటికొచ్చిన వైద్యుడిని కూడా కాల్చారని బతికిన సిబ్బంది చెప్పారు. ఏటా అదే తేదీన ఆ ఆస్పత్రి సిబ్బంది తమ సహోద్యోగుల ఫొటోల ముందు దీపం పెడతారు.

కొలంబో పార్లమెంటు సమీపంలో మన శాంతి సేన అమరుల స్మారకం ఉంది. మన ప్రధానులు అక్కడ పుష్పగుచ్ఛం ఉంచుతారు. ఉంచాలి కూడా. అయితే జాఫ్నా ఆస్పత్రి గురించి భారత్ ఇంతవరకు ప్రజల ముందు ఒక నివేదిక పెట్టలేదు. మా అకాడమీలో చెట్‌వుడ్ హాల్ చదవని కేడెట్ ఉండడు. అక్కడ దేశ భద్రత అన్న మాట వెంటనే దేశ గౌరవం అన్న మాట ఉంటుంది. రికార్డులు తెరిస్తే మన సైనికుల త్యాగం చిన్నబోదు. తెరవకపోతేనే, తప్పు చేయని వేలమంది మీదా నీడ పడుతుంది. పైగా ముల్లివాయ్‌కాల్ లెక్క చెప్పమని పొరుగు సైన్యాన్ని అడిగే అర్హత, మన లెక్క మనం చెప్పినప్పుడే వస్తుంది.

జెనీవాలో మన ఓట్లు చూసినా ఈ తటపటాయింపు కనిపిస్తుంది. 2009 మేలో శ్రీలంకకు అనుకూలమైన తీర్మానానికి ఓటేశాం. 2012, 2013లలో జవాబుదారీ కోరే తీర్మానాలను సమర్థించాం. 2014, 2021, 2022లలో ఓటింగుకు దూరంగా ఉన్నాం. హంబన్‌తోట, చైనా నౌకలు, తమిళనాడు రాజకీయాలు, ఇవన్నీ నిజమైన ఒత్తిళ్లే. కానీ కొలంబోను నొప్పించకుండా మనం సాధించిందేమిటి? హంబన్‌తోట రేవు 2017లో 99 ఏళ్ల లీజుకు చైనా సంస్థకు వెళ్లనే వెళ్లింది. 1987 ఒప్పందం ఫలమైన 13వ సవరణ కింద ఏర్పడిన ఉత్తర ప్రావిన్స్ మండలికి 2013 తర్వాత ఎన్నికలే జరగలేదు.

ఏడవనివ్వని విజయం

యుద్ధం గెలిచిన సైన్యానికి అంతకంటే కష్టమైన పని మిగిలి ఉంటుంది. ఓడినవారి బిడ్డలు రేపు మళ్లీ తుపాకీ పట్టకుండా చూడటం. శ్రీలంక ఎంచుకున్న దారి దీనికి ఎదురు. ఎల్టీటీఈ మృతుల శ్మశానాలను సైన్యం చదును చేసింది. కోప్పాయ్‌లో అలాంటి ఒక శ్మశానం మీదే సైనిక స్థావరం కట్టింది. జాఫ్నా విశ్వవిద్యాలయంలోని ముల్లివాయ్‌కాల్ స్మారకాన్ని 2021 జనవరి 8 రాత్రి కూల్చారు. విద్యార్థులు ఆందోళన చేస్తే కొన్ని నెలలకు మళ్లీ కట్టారు. చనిపోయింది తీవ్రవాదే అయినా అతని తల్లి తీవ్రవాది కాదు. ఆమెకు సమాధి లేకుండా చేసి ఏ సైన్యమూ భద్రత సంపాదించలేదు.

శిక్షల సంగతీ అంతే. 2000 డిసెంబరులో మిరుసువిల్‌లో తమ ఇళ్లు చూసుకోవడానికి వచ్చిన ఎనిమిది మంది పౌరులను సైనికులు చంపారు. వారిలో అయిదేళ్ల పిల్లవాడున్నాడు. ఒకే ఒక్క సార్జెంట్‌కు 2015లో మరణశిక్ష పడింది. సుప్రీంకోర్టు 2019లో దాన్ని ఖరారు చేసింది. 2020 మార్చిలో అధ్యక్షుడు గొటబాయ రాజపక్స అతన్ని క్షమించి వదిలేశారు. శిక్ష పడటానికి దాదాపు 15 ఏళ్లు పడితే, రద్దుకు ఒక్క సంతకం చాలింది. క్రమశిక్షణ గల శ్రీలంక సైనికుడికి ఇందులోంచి అందిన సందేశం ఏమిటో ఆలోచించండి.

కిలినొచ్చిలో కందస్వామి కోవెల పక్కన 2017 ఫిబ్రవరి 20న మొదలైన తల్లుల నిరసన ఏళ్లు గడిచినా సాగింది. వారిలో కొందరు, యుద్ధం ముగిసిన రోజున తమ బిడ్డలను తామే సైన్యానికి అప్పగించామంటారు. అప్పగింత జరిగితే సైన్యంలో దానికి రసీదు, జాబితా ఉండాలి. ఆ జాబితాలు బయటికి రాలేదు. గల్లంతైన వారి కోసం ప్రభుత్వం 2018లో ప్రత్యేక కార్యాలయం తెరిచింది. తల్లులకు జవాబు మాత్రం దొరకలేదు. 1983 జులైలో కొలంబోలో అల్లరిమూకలు తమిళుల ఇళ్లు వెతకడానికి ఓటర్ల జాబితాలు పట్టుకుని తిరిగాయి. చంపడానికి జాబితా దొరికిన దేశంలో, చనిపోయినవారి జాబితా ఎందుకు దొరకదు?

భూమి మాత్రం దాచుకోలేదు. జాఫ్నా పక్కన చెమ్మణిలో ఒక పాఠశాల విద్యార్థిని హత్య కేసులో శిక్ష పడిన సైనికుడు, అక్కడ 300 నుంచి 400 శవాలు పాతిపెట్టారని 1998లో కోర్టులో చెప్పాడు. మర్నాడు ఏడాది తవ్వితే 15 అస్థిపంజరాలు బయటపడ్డాయి. అంతటితో ఆపేశారు. 2025లో ఆ ప్రాంతంలోని శ్మశానవాటికలో తవ్వితే 200కు పైగా బయటపడ్డాయి. వాటిలో పసిపిల్లలవీ ఉన్నాయి. ఒక బడి సంచి, ఒక బొమ్మ దొరికాయి.

చేయగలిగింది

భారత్ చేయగలిగినవి ఉన్నాయి. జాఫ్నా ఆస్పత్రి ఘటన రికార్డులను బయటపెట్టడం మొదటిది. చెమ్మణి ఎముకలకు పేర్లు పెట్టడంలో సాయం చేయడం రెండోది. రాజీవ్ హత్య దర్యాప్తులో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ ఉపయోగించినది హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందమే. హంతకురాలిని గుర్తించడానికి ఉపయోగపడిన ఆ శాస్త్రం, హతులను గుర్తించడానికీ పనికొస్తుంది. కొలంబో అంగీకరిస్తే అది అప్పుతోనో, రేవు ఒప్పందంతోనో పోల్చలేని సహాయం అవుతుంది. జెనీవాలో ఓటుకు దూరంగా ఉండటం మాని, లొంగిపోయినవారి జాబితాలను ప్రచురించమని బహిరంగంగా అడగడం మూడోది.

ఇది సింహళ ప్రజలకు వ్యతిరేకం అవుతుందని భయపడనక్కర్లేదు. 2022లో ఆర్థిక సంక్షోభంపై తిరగబడిన జనం కొలంబో గాల్ ఫేస్ మైదానంలో మే 18న ముల్లివాయ్‌కాల్ మృతులకు దీపాలు వెలిగించారు. ఆ గుంపులో సింహళ యువకులున్నారు, బౌద్ధ భిక్షువులున్నారు. అదే గంజి కాచి పంచుకున్నారు. ఆ రోజు ఎవరి భద్రతకూ భంగం కలగలేదు.

రేషన్ ఇండెంట్ రాసిన ప్రతి సైనికాధికారికీ తెలిసిన పట్టిక ఒకటుంది. నంబరు, పేరు, ఊరు, ప్రస్తుతం ఎక్కడ. ముల్లివాయ్‌కాల్ తల్లులు అడుగుతున్నది ఆ పట్టికే. వారి వైపు నుంచి మొదటి మూడు గడులు ఎప్పుడో నిండాయి. నాలుగో గడి నింపాల్సినది సైన్యం.